డబ్బా యాంటెన్నాతో 250 మీటర్లు: చేసుకోవాలా, కొనుక్కోవాలా?

కోనసీమ కోళ్లఫారం: ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది. కోళ్లఫారం 250 మీటర్ల దూరం. మధ్యలో వరి చేలు, ఓ పక్కగా కొబ్బరిచెట్లు. ఫారంలో రెండు కెమెరాలు నడిస్తే చాలు. రేకు డబ్బాతో యాంటెన్నా చేసేద్దాం బావా అంటున్నాడు మా బావమరిది. నిజంగా పనిచేస్తుందా, కాలక్షేపమా?

రేడియో పిచ్చి: పనిచేస్తుందండీ. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.3 సెం.మీ. డబ్బా వ్యాసం 7.5 నుంచి 9 సెం.మీ. మధ్య చూసుకోండి. లోపల రాగి తీగ 31 మి.మీ., అంటే తరంగంలో నాలుగో వంతు. ఇది కొత్తగా పవర్ పుట్టించదు, టార్చిలైటు వెనక రిఫ్లెక్టర్‌లాగా ఉన్నదాన్నే ఒక వైపుకు తిప్పుతుంది. పంపేటప్పుడూ అందుకునేటప్పుడూ అదే లాభం. 8, 10 డెసిబెల్స్ (సిగ్నల్ పెరుగుదలకు కొలత, 10 అంటే పది రెట్లు) ఎక్కడికీ పోవు.

కేబుల్ తమ్ముడు: ఎక్కడికీ పోవా? కేబుల్లోనే పోతాయి సార్! మేడ మీద డబ్బా, కింద హాల్లో రౌటర్ పెట్టి, మధ్యలో 10 మీటర్ల ఆర్‌జీ-58 రకం యాంటెన్నా వైరు లాగితే ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకు దాదాపు ఒక డెసిబెల్ పోతుంది. డబ్బా ఇచ్చిందంతా వైరు తినేసింది. పైగా ఇప్పటి రౌటర్లలో చాలావాటికి యాంటెన్నా ఊడదీయడానికే రాదు. రేడియో, యాంటెన్నా ఒకే పెట్టెలో ఉండే అవుట్‌డోర్ యూనిట్లు జత కొనండి. కిందికి ఈథర్నెట్ వైరు ఒక్కటే వస్తుంది, దాంట్లోనే కరెంటు కూడా.

రేడియో పిచ్చి: యూఎస్‌బీ వైఫై డాంగిల్‌ని డబ్బా దగ్గరే పెడితే ఆ నష్టం ఉండదు కదా తమ్ముడూ.

కేబుల్ తమ్ముడు: యూఎస్‌బీ వైరు 5 మీటర్లు దాటకూడదు. మరి దాని పక్కన రోజంతా కంప్యూటర్ నడపాలి. కోనసీమ వానల్లో ఆ డాంగిల్ ఎన్నాళ్లుంటుంది?

లెక్కల మాస్టారు: ఇద్దరూ డబ్బా చుట్టూనే తిరుగుతున్నారు. 250 మీటర్ల ఖాళీ జాగాలో నష్టం 88 డెసిబెల్స్. రౌటర్ 20 డీబీఎం (పవర్ కొలత, అంటే 0.1 వాట్) పంపి, రెండు వైపులా మామూలు 2 డెసిబెల్స్ యాంటెన్నాలే ఉన్నా, మైనస్ 64 డీబీఎం దగ్గర సిగ్నల్ అందాలి. కెమెరాలకు అది ధారాళం. అందకపోవడానికి కారణం గోడలూ చెట్లూ. రేడియోను బయటికి, ఎత్తుకు చేర్చడంలోనే సగం పని ఉంది. ఇక చూపుకు దారి కనిపిస్తే చాలదు, ఆ గీత చుట్టూ మధ్యలో దాదాపు 2.8 మీటర్ల వ్యాసార్ధం ఖాళీగా ఉండాలి. తడి కొబ్బరాకులు అందులోకి వచ్చాయా, వానాకాలంలో కెమెరాలు ఆగిపోతాయి.

కొత్త సభ్యుడు: ఇదంతా చట్టరీత్యా సరేనా?

లెక్కల మాస్టారు: మన దేశంలో 2005 నిబంధనల ప్రకారం ఈ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు లైసెన్సు అక్కర్లేదు, కానీ యాంటెన్నాతో కలిపి ప్రసరించే పవర్ 4 వాట్లు దాటకూడదు. 20 డీబీఎం రౌటర్‌కు 10 డెసిబెల్స్ డబ్బా కలిపితే ఒక వాట్. డబ్బాకు డబ్బా, దాని వెనక బూస్టర్ ఒకటి తగిలించే సరదా మాత్రం వద్దు.

కేబుల్ తమ్ముడు: పిడుగుల సంగతి ఎవరూ ఎత్తరేం? యూనిట్ బిగించే పైపుకు ఎర్తింగ్ వేయించండి అన్నా. లేదంటే ఆ ఈథర్నెట్ వైరు వెంటే ఇంట్లోకి వస్తుంది.

కోనసీమ కోళ్లఫారం: చెట్లు తూర్పు వైపు ఉన్నాయి. పైపు మేడ పడమటి మూలకు వేస్తే చేల మీదుగా దారి ఖాళీయే. యూనిట్లు కొంటున్నాను. బావమరిది మాత్రం పాలపొడి డబ్బాకు అప్పుడే బొక్క పెట్టేశాడు, వ్యాసం కొలిస్తే 10 సెం.మీ. వచ్చింది. మాస్టారూ, వాడికేం చెప్పమంటారు?