యాసంగి వరి పెరిగాక ఉక్కపోత పెరిగిందా? మీ ఊళ్లో ఎలా ఉంది?

పర్వతగిరి_పొలం:
కాలువ నీళ్లు వచ్చాక మా చెలకలన్నీ మడులయ్యాయి. మార్చిలో పగలు మునుపటంత మాడ్చే ఎండ లేదు, కానీ పొద్దుగూకినా ఒళ్లు జిగటగానే ఉంటుంది. వరి వల్లేనా? వానల మీద కూడా ప్రభావం ఉంటుందా?

నర్సంపేట_మిర్చి:
మా మిర్చి చేనుకు మూడు దిక్కులా వరే. పోయిన మార్చిలో కాయ ఏరుతూ మా చిన్నమ్మ సాలులోనే కూలబడింది. ఎండ 38 కూడా లేదు. జాకెట్ పిండితే నీళ్లు కారాయి, ఆ చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! ఆసుపత్రిలో "ఈ మాత్రం ఎండకే వడదెబ్బా" అన్నారు. ఆ మాట ఇంకా మంటగానే ఉంది.

హన్మకొండ_కోడలు:
మా అత్తగారింట్లో కూలర్ ఉన్నా లేనట్టే. ఇంటి వెనకే మడి.

కూలర్_రిపేర్:
అక్కా, గడ్డి మార్చండి. సున్నం పట్టి ఉంటుంది.

హన్మకొండ_కోడలు:
నెల కింద కొత్త గడ్డే వేశాం తమ్ముడూ. అదే కూలర్ హన్మకొండ తెస్తే చల్లగా కొడుతోంది.

కూలర్_రిపేర్:
కిటికీ మూసి నడిపితే అంతే. పదేళ్లుగా ఇదే పని నాది, వరికీ కూలర్‌కీ ఏం సంబంధం?

రిటైర్డ్_ఫిజిక్స్:
సంబంధం ఉంది బాబూ, 22 ఏళ్లు పాఠం చెప్పాను. లీటరు నీరు ఆవిరవ్వాలంటే సుమారు 580 కిలోకేలరీల వేడి కావాలి. మడి ఆ వేడిని లాక్కుంటుంది కాబట్టే పగటి ఎండ తగ్గుతుంది, కానీ ఆవిరి గాలిలోనే ఉంటుంది. థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి, విసనకర్రతో విసిరి చూడండి, అది చూపే డిగ్రీలే తడిగుడ్డ లెక్క. 42 డిగ్రీలు, 25 శాతం తేమలో తడిగుడ్డ లెక్క దాదాపు 26. ఎండ 38కి తగ్గి తేమ 45 శాతమైతే అది 28. కూలర్ అంతకంటే చల్లబరచలేదు, మన ఒళ్లూ అంతే. గాంధీనగర్ ఐఐటీ వాళ్లు 2020లో తేల్చింది కూడా ఇదే, నీటిపారుదలతో ఎండ తగ్గినా తేమతో కూడిన వేడి పెరుగుతుందని.

పరకాల_రైతు:
ఇక వరి మానేయమంటారా సార్? బోర్లు ఎండి అప్పుల పాలైన రోజుల్లో ఏ ఐఐటీ వచ్చింది? చెరువు నిండాకే మా ఇంట్లో అన్నం ఉడికింది.

రిటైర్డ్_ఫిజిక్స్:
మానమని నేనెక్కడన్నాను? చదివి మాట్లాడండి.

ములుగు_వాన:
వాన సంగతి ఎవరూ చెప్పలేదు. 2023 జూలై 27 పొద్దున్నకి మా ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు. భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి ఊరు మునిగింది. అంత నీళ్లు మన మడుల నుంచి లేవలేదు, బంగాళాఖాతం అల్పపీడనం తెచ్చినవి.

పరకాల_రైతు:
అదీ మా మీద వేస్తారనుకున్నా.

పర్వతగిరి_పొలం:
అన్నా, నేనూ వరి రైతునే. నీళ్లు తక్కువ పట్టేలా మడిలో చిల్లుల పైపు పాతి, అందులో నీళ్లు నేల కిందికి జానెడు లోతుకు దిగాకే మళ్లీ పెడుతున్నా, దిగుబడి తగ్గలేదు. పొట్ట దశలో మాత్రం ఆరనివ్వొద్దు.

నర్సంపేట_మిర్చి:
మేం ఈసారి తెల్లారి ఐదింటికే దిగి పదింటికి ఆపేస్తున్నాం, కూలి మాత్రం పూర్తిగా ఇస్తున్నాం. సార్, ఆ తడిగుడ్డ లెక్క ఎంత దాటితే పని ఆపాలి?