అమెరికాలో బ్యాంక్రప్సీ (దివాలా) జడ్జి అవ్వాలంటే దారేంటి?

ప్రశ్న:
తొమ్మిదేళ్లుగా చాప్టర్ 11 కేసులు (ఎక్కువగా కంపెనీలు అప్పుల్ని సర్దుబాటు చేసుకునే దివాలా కేసులు) చూస్తున్న లాయరు ఫెడరల్ బ్యాంక్రప్సీ జడ్జి కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రెసిడెంటు నామినేట్ చేసి సెనేట్ ఒప్పుకోవాలా? పదవి జీవితాంతం ఉంటుందా?

జవాబు 1:
ప్రెసిడెంటు, సెనేట్ ఇద్దరికీ ఇందులో పాత్ర లేదండీ. ఆ సర్క్యూట్ (ఫెడరల్ కోర్టుల ప్రాంతీయ విభాగం) అప్పీల్స్ కోర్టు జడ్జీలే ఓటేసి నియమిస్తారు. మెజారిటీ కుదరకపోతే చీఫ్ జడ్జిదే నిర్ణయం. ఖాళీ వచ్చినప్పుడు ప్రకటన వస్తుంది, దరఖాస్తు మీరే పెట్టుకోవాలి. అయిదేళ్ల ప్రాక్టీసు అడుగుతారు కాబట్టి తొమ్మిదేళ్లు సరిపోతాయి. నియమించే కోర్టులో జడ్జికి దగ్గర బంధువై ఉంటే మాత్రం కుదరదు. ఎంపికైనవాళ్ల గురించి ఎఫ్‌బీఐ ఆరా తీస్తుంది, పన్నుల రికార్డులూ చూస్తారు. పాత రిటర్నుల్లో తేడాలుంటే దరఖాస్తుకు ముందే సరిచేసుకోండి.

జవాబు 2:
పదవీకాలం 14 ఏళ్లు, తర్వాత మళ్లీ నియమించవచ్చు. జీతం ఫెడరల్ డిస్ట్రిక్ట్ జడ్జి (ఫెడరల్ ట్రయల్ కోర్టు జడ్జి) జీతంలో 92 శాతం: 2024లో వాళ్లకి 2,43,300 డాలర్లు, వీళ్లకి 2,23,836. వయసు లెక్క ముందే వేసుకోండి. 14 ఏళ్లు పనిచేసి 65 దాటాక రిటైరైతే చివరి జీతమంతా పెన్షన్‌గా వస్తుంది. మధ్యలో తీసెయ్యాలంటే అసమర్థత, దుష్ప్రవర్తన, విధుల నిర్లక్ష్యం, శారీరక లేదా మానసిక వైకల్యం లాంటి కారణం ఉండాలి. ఆ పని సర్క్యూట్ జ్యుడీషియల్ కౌన్సిల్ (ఆ సర్క్యూట్ జడ్జీల పాలనా మండలి) చేస్తుంది.

జవాబు 3:
జీతం సంగతి సరే, అసలు చిక్కు అధికారాల్లో ఉంది. 1978 దివాలా చట్టం బ్యాంక్రప్సీ జడ్జీలకి ఇచ్చిన విస్తృత అధికారాలు రాజ్యాంగానికి విరుద్ధమని 1982లో మారథాన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1984 చట్టంతో వీళ్లు డిస్ట్రిక్ట్ కోర్టులో ఒక భాగమయ్యారు. కోర్ వ్యవహారాల్లో (దివాలా చట్టం నుంచే లేదా దివాలా కేసులోనే పుట్టేవి) తుది తీర్పు ఇస్తారు. నాన్‌కోర్ (దివాలాతో సంబంధమున్నా వేరే చట్టం కింద వచ్చేవి) అయితే, పక్షాలు ఒప్పుకోకపోతే, ప్రతిపాదనలు మాత్రమే రాసి డిస్ట్రిక్ట్ జడ్జికి పంపాలి. 2011 స్టెర్న్ వర్సెస్ మార్షల్ తర్వాత పేరుకు కోర్ అయిన కొన్ని వాటిలోనూ, పక్షాలు ఒప్పుకోకపోతే, తుది తీర్పు ఇవ్వడానికి వీల్లేదు. ఇది గమనించకుండా తీర్పు రాస్తే అప్పీల్లో ఎగిరిపోతుంది.

లాయరుగా ఉన్నవాళ్లకి కొత్తగా అనిపించేది ఇంకొకటి: అప్పిచ్చినవాళ్లు అప్పు తీసుకున్నవాణ్ణి ప్రశ్నించే 341 సమావేశానికి (దివాలా చట్టంలోని 341వ సెక్షన్ కింద జరిగేది) జడ్జి అధ్యక్షత వహించకూడదు, హాజరూ కాకూడదు. ఆ పని యూఎస్ ట్రస్టీ (దివాలా కేసుల్ని పర్యవేక్షించే న్యాయశాఖ అధికారి) లేదా ఆయన ప్రతినిధిది.

జవాబు 4:
ప్రమాణం చేసే ముందే పాత క్లయింట్లు, ఫర్మ్ చూసిన కేసుల జాబితా తయారుచేసి క్లర్క్ ఆఫీసుకి ఇవ్వండి. మీరు ఫర్మ్‌లో ఉండగా సహచర లాయరు చూసిన వ్యవహారమైనా సరే, దాన్నుంచి తప్పుకోవాల్సిందే. పెద్ద ఫర్మ్ నుంచి వస్తే మొదట్లో ఇలా చేజారే కేసులు తక్కువేమీ ఉండవు.