బూడిద దిబ్బలు: పెంటకుప్పలా, పండగ చేసుకున్న చోట్లా?

పాలమూరు_పిల్లోడు:
ఉట్నూరు బూడిద దిబ్బ (వేల ఏళ్ల నాడు పేడ కాల్చగా పేరుకున్న బూడిద గుట్ట; ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లాది) గురించి మొన్న ఒకరు "కొత్త రాతియుగం వాళ్ల పెంటకుప్ప, దానికింత హడావిడి ఎందుకు" అని రాశారు. నేను ఒప్పుకోను. 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ అక్కడ తవ్వితే దుంగలు పాతిన గుంతలు వరసగా కనపడ్డాయి, పశువుల గిట్టల గుర్తులు కూడా. అంటే దొడ్డి. అందులో పేడ పేరుకోవడం, కాల్చడం, మళ్లీ కంచె వేయడం, మళ్లీ కాల్చడం. ఒకసారైతే ప్రమాదం అనుకోవచ్చు, పొర మీద పొర కాలితే ఏమనుకోవాలి? పెంట విలువ తెలిసిన రైతు ఎవడైనా ఊరికే తగలబెడతాడా? పండగకో పూజకో కాల్చి ఉంటారు.

కళ్యాణదుర్గం_రైతు:
తమ్ముడూ, పెంట విలువ మనకు తెలుసు, సేద్యం మనది కాబట్టి. వాళ్లకు మంద ముఖ్యం. దొడ్డి నిండా పేడ, పిడుదులు, ఈగలు ఉంటే మంట పెట్టక ఏం చేస్తారు? కర్ణాటక బూదిహాళ్‌లో ఇలాంటి దిబ్బనే పురావస్తు శాస్త్రవేత్త పద్దయ్య గారు తవ్వితే ఇళ్లు, పశువుల దొడ్డి, పేడ పోసిన చోటు, పశువులను కోసిన చోటు అన్నీ పక్కపక్కనే దొరికాయి. మామూలు ఊరు. దానికి పూజలు ఎందుకు అంటగట్టడం?

పాలమూరు_పిల్లోడు:
అన్నా, ఆ దిబ్బల్లో దొరికే, కాలి గట్టిపడ్డ బూడిద పెంకు ఎప్పుడైనా చేతిలో పట్టుకున్నారా? నేను చూసింది తేలిగ్గా, నురగ గట్టిపడినట్టు చిల్లులు చిల్లులుగా, ఒక పక్క గాజులా నిగనిగలాడుతూ ఉంది. పిడకల పొయ్యి మన ఇళ్లలో చూశాం కదా, కుములుతుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. గాజు అయ్యేంత వేడి రావాలంటే కావాలని పెద్ద మంట వేయాలి, దూరం ఊళ్లకు కూడా కనపడేంత. కర్ణాటకలో సంక్రాంతికి ఇప్పటికీ పశువులను మంట దాటిస్తారు, మన దగ్గర భోగి మంటలో పిడకల దండలు వేస్తాం. ఇదే ఆచారం అప్పటి నుంచి వచ్చిందని నేను అనను, కానీ పశువులున్న వాళ్లకు మంటంటే చెత్త కాల్చడం ఒక్కటే కాదు.

హంపీ_దారి:
హంపీ దగ్గరి నింబాపురం బూడిద దిబ్బను అక్కడివాళ్లు రామాయణంలోని వాలి చితి అంటారు. ఆ మాట వల్లే దాని మీద పార వేయడానికి భయపడే ముసలివాళ్లను చూశాను.

కళ్యాణదుర్గం_రైతు:
గాజు సంగతి ఒప్పుకుంటా, అంత మంట పిడుదుల కోసం వేయరు. మిగతాది ఒప్పుకోను. కానీ మా వైపు ఒక దిబ్బ నుంచి బూడిదను పొలాలకు ట్రాక్టర్లలో తోలుతున్నారు, సగం పోయింది. పెంటకుప్ప అన్న మాట వాళ్లకు బాగా పనికొస్తోంది, అందుకే ఇక నేను ఆ మాట వాడను.