కాన్పు పని జూమ్‌ల నేర్పుతే వస్తదా? ట్రైనింగులు ఫోన్లకు మారుస్తున్నరు, మీరేమంటరు

లేబర్‌రూమ్ సిస్టర్ (ములుగు దిక్కు)
ఇక్కడ నర్సమ్మలు, ఆశ అక్కలు శానమంది ఉన్నరు కాబట్టి అడుగుతున్న. మా దగ్గర ఇకనుంచి పిలిచి ఇచ్చే ట్రైనింగులు తగ్గిస్తరట, పెద్ద దవాఖాన డాక్టర్లు వారానికోసారి జూమ్‌ల కూసోని కేసులు చెప్తరు, డౌట్లుంటే వాట్సాప్ గ్రూపుల అడగాలె అంటున్నరు. పదకొండేండ్ల సంది కాన్పులు చేస్తున్న. ఫోన్ల చెప్పుడు మంచిదే, ఉండాలె కూడా, కానీ చేతిపనికి అది బదులు కాదు.

పోయిన వానాకాలం ఒక బాబు పుట్టంగనే ఏడ్వలే. తుడిచినం, వీపు రుద్దినం, ఊపిరి లేదు. మొదటి నిమిషంలనే ఊపిరి అందియ్యాలె గదా, మా కొత్త చెల్లె బ్యాగు మాస్కు తీసి ఒత్తుతనే ఉన్నది, ఛాతి మాత్రం లేస్తలేదు. ఆమె వీడియో క్లాసులన్నీ చూసింది, నిమిషానికి 40 నుంచి 60 సార్లు అని నిద్రల లేపి అడిగినా చెప్తది. కానీ గదుమ దగ్గర మాస్కు కొంచెం లేచి గాలంతా పక్కకే పోతున్నది, అది ఆమె చేతికి తెలుస్తలేదు. నేను ఆమె వేళ్ల మీద నా వేళ్లు పెట్టి గదుమ పైకి గుంజి మాస్కు అదిమిన, తల జరంత వెనక్కి చేసిన, అప్పుడు లేసింది ఛాతి. బాబు బతికిండు. ఆ గాలి లీకు ఏ కెమెరాల కనపడతది చెప్పుండ్రి.

పీజీ డాక్టర్ (హన్మకొండ)
అక్కా, మీ అనుభవం ముందు నేను చిన్నోణ్ణి, అయినా ఒక మాట చెప్త. ఈ పద్ధతి కొత్తది కాదు. అమెరికాల న్యూ మెక్సికో యూనివర్సిటీల సంజీవ్ అరోరా అనే డాక్టర్ 2003ల ఎకో అని మొదలుపెట్టిండు, హెపటైటిస్ సి అనే లివర్ జబ్బు పేషెంట్లు ఆయన దగ్గరికి రావాలంటే నెలల తరబడి ఆగాల్సి వచ్చేది, అందుకే పల్లెల డాక్టర్లతోని వారం వారం వీడియోల కూసోని వాళ్ల కేసులు వాళ్లతోనే చెప్పించి చర్చించిండు. 2011ల 407 మంది పేషెంట్ల మీద రిపోర్ట్ వచ్చింది, యూనివర్సిటీల 57.5 శాతానికి నయమైతే పల్లెలల్ల 58.2 శాతానికి నయమైంది, అంటే తేడా లేదు. ఇంకోటి, ఇద్దరు సిస్టర్లను రెండు రోజులు వరంగల్‌కు పిలిస్తే ఆ రెండు రోజులు మీ దగ్గర కాన్పులెవరు చేస్తరు?

ఆశ (తాడ్వాయి)
సారు, మీరన్నది దవాఖానల వైఫై ఉన్నోళ్లకు. మాకు బుధవారం శనివారం టీకాల రోజులు, పోయిన నెల క్లాసు బుధవారమే పెట్టిండ్రు, ఒక చెవిల క్లాసు వినుకుంట ఇంకో దిక్కు తల్లులను పిలుసుకుంట తిరిగిన, రెండూ సరిగ కాలే. మా గూడెంల సిగ్నల్ వాటర్ ట్యాంకు కాడనే వస్తది. రీఛార్జ్ మాదే. ఎవరు ఎంతసేపు ఉన్నరని హాజరు మాత్రం చూస్తున్నరు, ఏం అర్థమైందని ఎవరూ అడుగుతలేరు.

నైట్ డ్యూటీ (ఏటూరునాగారం)
నేను ఫోన్ దిక్కే మాట్లాడుత. రాత్రి ఒంటిగంటకు నెలలు నిండిన అమ్మాయొచ్చింది, బీపీ 170/110, తలనొప్పి, కండ్లు మసకలు అంటున్నది. మా మెడికల్ ఆఫీసర్ లీవుల ఉన్నరు, వరంగల్ వంద కిలోమీటర్ల దూరం. గ్రూపుల ఉన్న మేడంకు ఫోన్ చేసిన, ఒక్క రింగుకే ఎత్తింది. ఫిట్స్ రాకుంట ఇచ్చే మ్యాగ్‌సల్ఫ్ సూది మొత్తం 10 గ్రాములు, ఒక్కో పిరుదుకు 5 గ్రాములు లోతుగ ఇయ్యి, ఇచ్చినంకనే అంబులెన్సు ఎక్కించు అన్నది. పది ఆంప్యూల్స్ (చిన్న మందు సీసాలు) పగలగొడుతుంటే నా చేతులు వణికినయ్, ఆమె ఫోన్ పెట్టకుంట ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంట నాతోనే ఉన్నది. తొవ్వల ఫిట్స్ రాలే, తల్లీ బిడ్డా బాగున్నరు. గా మేడం నాకు మొకం కూడ తెల్వదు. అసొంటిది తీసేయమంటే నేను ఒప్పుకోను.

లేబర్‌రూమ్ సిస్టర్ (ములుగు దిక్కు)
చెల్లె, తీసేయమని నేనెక్కడన్న? నీకు ధైర్యం ఫోన్లనే వచ్చింది, నిజం. కానీ పిరుదుల లోతుగ సూది గుచ్చుడు నీకు అంతకు ముందే వచ్చు, అది ఎవరు నేర్పిండ్రో చెప్పు.

సారూ, మీ లెక్క నేను నమ్ముత. కానీ హెపటైటిస్ సి అంటే ఏ మందు, ఎంత డోసు, రక్తం రిపోర్టుల ఏమొచ్చింది అని ఆలోచించే పని, డాక్టర్లు చేసుకునే పని. మాయ పడ్డంక రక్తం ఆగకపోతే పొట్ట మీద గర్భసంచిని ఎంత గట్టిగ రుద్దాలె, ఎక్కడ ఆపాలె అనేది చెయ్యికి ఎక్కాలె. మన కరీంనగర్ల 2017ల మొదలైన మిడ్‌వైఫరీ ట్రైనింగు 18 నెలలది, ఊరికెనే అంతకాలం పెట్టిండ్రా? పుట్టిన పిల్లలకు ఊపిరి అందించే ట్రైనింగు రెండు రోజులదే, అది కూడ బొమ్మల మీద చేపిస్తరు. మీరన్నట్టు మేం వరంగల్ వస్తే ఇక్కడ కష్టమే, మరి నేర్పేటోళ్లే రావొచ్చు గదా, నెలకొక్కసారి మా షిఫ్టుల నిలవడుండ్రి. ఒక బొమ్మ, ఒక బ్యాగు మాస్కు మా పీహెచ్‌సీలనే ఉంచితే కాన్పులు లేని రాత్రి పది నిమిషాలు మేమే చేసుకుంటం.

పీజీ డాక్టర్ (హన్మకొండ)
బొమ్మ సంగతి ఒప్పుకుంటున్న అక్కా. కానీ ఆలోచించేది డాక్టర్ల పని, చెయ్యి నర్సుల పని అన్నట్టు అన్నరు, అది ఒప్పుకోను. ఆ రాత్రి ఈ మందు ఇయ్యాల్నా వద్దా అనేదే పెద్ద ప్రశ్న, వారం వారం కేసులు మాట్లాడుకుంటే అది మీకే వస్తది, ఎవరికీ ఫోన్ చేసే పనుండదు.

ఆశ (తాడ్వాయి)
ఎవరు గెలిచినా సరే, క్లాసు మాత్రం గురువారం పెట్టుమనుండ్రి.

నైట్ డ్యూటీ (ఏటూరునాగారం)
అక్కా, నువ్వు అడిగినవు గదా. నాకు నేర్పింది మా పాత హెడ్ సిస్టరు, నా మణికట్టు పట్టుకొని సూది ఎంత లోపలికి పోవాల్నో చూపిచ్చేది, రిటైరయ్యి రెండేండ్లాయె. ఆమె జాగల ఇంకా ఎవ్వరూ రాలే. ఇప్పుడు కొత్తగొచ్చిన ఇద్దరికి నేనే చూపిస్తున్న, నాకు తెలిసినంత.