వీలాన్‌ల మధ్య రౌటింగ్: సొంత గేట్‌వేకి పింగ్ వెళ్తోంది, అవతలి కంప్యూటర్‌కి వెళ్లడం లేదు

ఆటోనగర్ వాసి:
గాజువాక ఆటోనగర్‌లోని మా విడిభాగాల గోదాములో రౌటింగ్ (ఒక నెట్‌వర్క్ నుంచి మరోదానికి ప్యాకెట్లను దారి పట్టించడం) చేయగల లేయర్ 3 స్విచ్ ఒకటి, దాని కింద అది చేయని మామూలు లేయర్ 2 స్విచ్ ఒకటి ఉన్నాయి. అకౌంట్స్ విభాగాన్ని వీలాన్ 10లోనూ (వీలాన్ అంటే స్విచ్‌లోనే విడదీసిన వేరు నెట్‌వర్క్), కింది స్విచ్‌కు తగిలించిన స్టోర్ కౌంటర్‌ను వీలాన్ 20లోనూ పెట్టి, పై స్విచ్‌లో 192.168.10.1, 192.168.20.1 అని రెండు ఇంటర్‌ఫేస్ వీలాన్ చిరునామాలు ఇచ్చాను, ఇవే ఆ వీలాన్‌లకు గేట్‌వేలు, అంటే బయటి నెట్‌వర్కులకు వెళ్లే ద్వారాలు. అకౌంట్స్ నుంచి సొంత గేట్‌వేకి పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే పరీక్ష) వెళ్తోంది, కానీ స్టోర్‌లోని బిల్లింగ్ కంప్యూటర్ మాత్రం పలకడం లేదు. కేబుల్ రెండుసార్లు మార్చి చూశాను.

సీతమ్మధార:
అకౌంట్స్ వైపు కేబుల్ జోలికి ఇక వెళ్లకండి. గేట్‌వే పలికిందంటే అటు దారి బాగున్నట్టే. ముందుగా ఐపీ రౌటింగ్ ఆదేశం ఇచ్చారో లేదో చూడండి, ఎందుకంటే చాలా సిస్కో కేటలిస్ట్ మోడళ్లలో అది మొదట్లో ఆపి ఉంటుంది. ఇచ్చాక, రౌటింగ్ పట్టికను చూపే షో ఐపీ రూట్ కొడితే రెండు నెట్‌వర్కులూ కనిపించాలి. రౌటింగ్ మొదలయ్యాక పాత ఐపీ డిఫాల్ట్ గేట్‌వే పంక్తిని స్విచ్ పట్టించుకోదు కనుక, ఇంటర్నెట్ కోసం డిఫాల్ట్ రూట్ (పట్టికలో లేని చిరునామాలన్నిటికీ దారి) విడిగా రాయవలసి ఉంటుంది.

ఆటోనగర్ వాసి:
రౌటింగ్ ఆన్‌లోనే ఉంది. పట్టికలో 10 నెట్‌వర్క్ ఉంది, 20 లేదు. నో షట్‌డౌన్ (ఇంటర్‌ఫేస్‌ను ఆన్ చేసే ఆదేశం) ఇచ్చినా ఇంటర్‌ఫేస్ వీలాన్ 20 ఎదురుగా డౌన్ అనే చూపిస్తోంది.

మధురవాడ:
అసలు చిక్కు అక్కడే ఉంది. ఇంటర్‌ఫేస్ వీలాన్ 20 అని రాసినంత మాత్రాన వీలాన్ 20 పుట్టదు. పై స్విచ్‌లో దాన్ని విడిగా సృష్టించాలి, ఆపైన ఆ వీలాన్‌కు చెందిన యాక్సెస్ పోర్టు (ఒకే వీలాన్‌కు కేటాయించిన పోర్టు) ఒక్కటైనా, లేదా దాన్ని మోసే ట్రంక్ (చాలా వీలాన్‌లను ఒకే కేబుల్‌పై మోసే లింకు) ఒక్కటైనా పనిచేస్తూ ఉండాలి. మీ కౌంటర్ కింది స్విచ్‌లో ఉంది కాబట్టి భారమంతా ట్రంక్ మీదే ఉంది. షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్ కొట్టి, అనుమతించిన వీలాన్‌ల వరుసను, చురుగ్గా ఉన్నవాటి వరుసను పక్కపక్కనే పోల్చండి: మొదటి దానిలో 20 ఉండి రెండో దానిలో లేకపోతే, ఆ స్విచ్‌లో వీలాన్‌ను సృష్టించడం మరిచారని అర్థం. నేటివ్ వీలాన్ రెండు చివరలా ఒకటే ఉండాలి, ఎందుకంటే దాని ఫ్రేములకు సాధారణంగా 802.1క్యూ ట్యాగ్ (ఫ్రేము ఏ వీలాన్‌దో చెప్పే గుర్తు) ఉండదు. కొన్ని పాత మోడళ్లయితే ట్రంక్ ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ అని ముందే చెప్పకపోతే ట్రంక్ మోడ్ ఆదేశాన్నే తిరస్కరిస్తాయి.

పెందుర్తి:
ట్రంక్ మీద చెయ్యి వేసేముందు నా అనుభవం వినండి. ఒక కార్యాలయంలో ట్రంక్‌కు వీలాన్ 30 చేర్చబోయి, స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ యాడ్ 30 అనవలసిన చోట యాడ్ అనే మాట వదిలేశాను. అప్పటివరకు ఉన్న జాబితా మొత్తం చెరిగిపోయి 30 ఒక్కటే మిగిలింది. నేను ఇంటి నుంచి లాగిన్ అయిన దారి కూడా దానితోపాటే తెగిపోయింది. రాత్రి పదకొండుకు బండి వేసుకుని సైట్‌కు పరుగెత్తాను. అప్పటినుంచి దూరం నుంచి మార్పు చేసేటప్పుడు ముందుగా రీలోడ్ ఇన్ 10 ఇస్తున్నాను. అంతా సవ్యంగా ఉంటే రీలోడ్ క్యాన్సిల్ చేస్తాను, తెగిపోతే పది నిమిషాల్లో స్విచ్ తానే సేవ్ చేసిన పాత అమరికతో లేస్తుంది.

ఆటోనగర్ వాసి:
మధురవాడ వారు చెప్పినట్టే పై స్విచ్‌లో వీలాన్ 20 లేనే లేదు. సృష్టించగానే ఇంటర్‌ఫేస్ అప్ అయింది, 192.168.20.1 అకౌంట్స్ నుంచి పలుకుతోంది. బిల్లింగ్ కంప్యూటర్ మాత్రం ఇంకా మౌనంగానే ఉంది.

సీతమ్మధార:
స్విచ్ నుంచే ఆ కంప్యూటర్‌కు రెండుసార్లు పింగ్ చేయండి, ఒకసారి సోర్స్ (పింగ్ బయలుదేరే చోటు) వీలాన్ 20 అని, మరోసారి సోర్స్ వీలాన్ 10 అని. మొదటిది పలికి రెండోది పలకకపోతే తప్పు స్విచ్‌లో కాదు, కంప్యూటర్‌లో వెతకాలి. గేట్‌వే చిరునామా తప్పయినా కావచ్చు, వేరే సబ్‌నెట్ (వేరే చిరునామాల నెట్‌వర్క్) నుంచి వచ్చే పింగ్‌ను విండోస్ ఫైర్‌వాల్ ఆపుతున్నా కావచ్చు.

ఆటోనగర్ వాసి:
సరిగ్గా అలాగే జరిగింది. ఆ కంప్యూటర్‌లో గేట్‌వేగా పాత బ్రాడ్‌బ్యాండ్ పెట్టె చిరునామా 192.168.1.1 మిగిలిపోయింది, మా పింగ్ అక్కడిదాకా చేరినా, జవాబుకు తిరుగు దారి లేదు. 192.168.20.1గా మార్చగానే పలికింది. మా వైపు కరెంటు తరచుగా పోతుంది కాబట్టి రన్నింగ్ కాన్ఫిగ్‌ను (ఇప్పుడు నడుస్తున్న అమరిక) స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి (స్విచ్ లేచేటప్పుడు చదివే, సేవ్ చేసిన అమరిక) వెంటనే కాపీ చేశాను.