అప్‌డేట్: నా వైద్య పాఠాలు ఒకచోటికి చేరాయి

నర్సింగ్ విద్యార్థుల కోసం తెలుగులో రాసిన పాఠాలు పెన్‌డ్రైవ్‌లలో, వాట్సాప్‌లో, పాత కంప్యూటర్‌లో తలో దిక్కున పడి ఉన్నాయి, ఏం చేయాలని పోయిన నెల ఇక్కడ మిమ్మల్ని అడిగాను. ముందు జాబితా రాసుకుని, అన్నీ ఒకే గూగుల్ డ్రైవ్‌లో పెట్టమన్నారు. అలాగే చేశానండీ.

పేజ్‌మేకర్ అనే పాత పేజీల తయారీ సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లతో టైపు చేసినవే బాగా ఏడిపించాయి. ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు చెదిరిపోయాయి. మందుల మోతాదులున్న పేజీలను అచ్చుప్రతి పక్కన పెట్టుకుని రెండేసిసార్లు సరిచూశాను.

అన్నీ ఒకచోట చేరాకే అసలు సంగతి బయటపడింది. విరేచనాలప్పుడు తాగించే ఉప్పు-చక్కెర ద్రావణం ఓఆర్‌ఎస్ మీద మూడు పాఠాలు దొరికాయి. రెండింటిలో లీటరుకు సోడియం 75 మిల్లీమోల్స్, మూడోదానిలో 90! ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2002లోనే ఫార్ములా మార్చి, సోడియంను 90 నుంచి 75కి, మొత్తం ఆస్మోలారిటీని (అంటే ద్రావణంలో కరిగి ఉన్నవాటి మొత్తం గాఢతను) 311 నుంచి 245కి తగ్గించాయి. నేను పాత పుస్తకం చూసి రాసింది అలాగే ఉండిపోయింది. విద్యార్థులు జిరాక్స్ తీసుకుని చదువుతున్నది దాన్నే. గుండె ఝల్లుమంది. ఆ రోజే సరిదిద్దిన ప్రతి అందరికీ పంపాను.

ఇప్పుడు ప్రతి పాఠం పైన చివరిసారి సరిచూసిన తేదీ వేస్తున్నాను. పాత ప్రతులు చెరపలేదు, 'వాడొద్దు' అని పేరు పెట్టి వేరే ఫోల్డర్‌లో ఉంచాను. సరిచూడాల్సినవి ఇంకా ప్రసూతి పాఠాలు పదకొండు మిగిలాయి. జాబితాతో మొదలుపెట్టమన్న అక్కకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.