ఎపిజెనెటిక్స్‌కి ‘బాహ్యజన్యు’ అనవచ్చా?

ఉబ్బసం మీద ఒక ఆరోగ్య పుస్తకం తెలుగు చేస్తున్నాను. ఎపిజెనెటిక్స్ (జన్యువు మారకుండానే అది పనిచేసే తీరు మారడం గురించిన శాస్త్రం) అన్నచోటల్లా ‘బాహ్యజన్యు’ అని రాస్తే, చదివిన మా చెల్లి “జన్యువు బయట ఏముంటుంది?” అంది. వేరే మాట ఉంటే చెప్పండి.

జవాబు: మీ చెల్లెలి అనుమానం సరైనదేనండీ. 1942లో వాడింగ్టన్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త ఈ మాట పెట్టాడు, గ్రీకులో ‘ఎపి’ అంటే ‘పైన’ అనే గానీ ‘బయట’ అని కాదు. మన ‘అధి’ దానికి దగ్గర, నేనైతే ‘అధిజన్యు’ అంటాను. అయినా పాఠకుడికి పేరు కంటే పోలిక ముఖ్యం, అది మన లిపిలోనే ఉంది. ‘క’ మీద పొల్లు పెడితే ‘క్’ అవుతుంది, హల్లు అదే, లోపలి అచ్చు మాత్రం పలకదు. డీఎన్ఏలో ‘సి’ అనే అక్షరం మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు కూర్చున్నా చాలాసార్లు అంతే, జన్యువు మారదు, దాని నోరు మూతపడుతుంది, గుర్తు చెరిగితే మళ్లీ పలకవచ్చు. 13 అధ్యయనాల్లోని 6,685 మంది పసిపిల్లల రక్తం చూస్తే, కడుపుతో ఉండగా తల్లి సిగరెట్ తాగినవాళ్లలో ఈ గుర్తులు చాలాచోట్ల తేడాగా కనిపించాయి.

ఇంకొకటి, పుస్తకంలో ‘వంశపారంపర్యం’ అని ఊరికే రాసేయకండి, దయచేసి. ఆ మాట వినగానే తల్లులు ఇక చేసేదేం లేదనుకుంటారు.

మరొకరి ప్రశ్న: మాది శ్రీకాకుళం వైపు. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని. నాకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. రెండిటికీ సంబంధం ఉంటుందా?

జవాబు: మీ ఒక్కరి విషయంలో ఎవరూ చెప్పలేరండీ. కానీ దక్షిణ కాలిఫోర్నియా పిల్లల మీద 2005లో వచ్చిన అధ్యయనంలో, అమ్మని కడుపులో మోస్తుండగా అమ్మమ్మ సిగరెట్ తాగి ఉంటే, అమ్మ తాను కడుపుతో ఉన్నప్పుడు తాగకపోయినా మనవలకి ఉబ్బసం ముప్పు ఎక్కువగా కనబడింది. ఆడపిల్ల పుట్టకముందే ఆమె అండాలు తయారై ఉంటాయి కదా, ఆ పొగ ప్రభావం మూడో తరం దాకా తగిలే వీలుంది. అది ఈ గుర్తుల వల్లేనేమో అని పరిశోధకుల అనుమానం, రుజువు మాత్రం కాలేదు.

(మొదట అడిగింది నేనే) ‘అధిజన్యు’ ఖాయం, పొల్లు పోలిక కూడా పెడతాను. మూలంలో ‘గ్రాండ్‌మదర్’ అన్నచోటల్లా నానమ్మ అని రాసేశాను, ఇప్పుడే దిద్దుతున్నాను.